పోర్షేనా, జీటీ-ఆరా, ఎం2నా? హన్మకొండ పాఠకుడికి జవాబు

ప్రశ్న: నాకు నలభై ఎనిమిదేళ్లు. హన్మకొండలో ఉంటాము, పరకాల దారిలో రైసు మిల్లు ఉన్నది. చదువుకునే రోజుల నుంచి స్పోర్ట్స్ కారు మీద మోజు, ఇన్నాళ్లకు చేతిలో డబ్బు ఆడుతున్నది. మూడు బండ్లు చూశాను. మొదటిది 2020 నాటి పోర్షే 911 కరేరా ఎస్. హైదరాబాదు రిజిస్ట్రేషన్, పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది, కోటీ యాభై ఐదు లక్షలు అడుగుతున్నారు. రెండవది ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 నాటి నిస్సాన్ జీటీ-ఆర్, కోటీ ఇరవై లక్షలు. మూడవది కొత్త బీఎండబ్ల్యూ ఎం2, షోరూం ధర కోటీ మూడు లక్షలు. నడిపితే ఆనందం ఉండాలి, అయిదేళ్ల తరువాత అమ్మితే మరీ నష్టపోకూడదు. జీటీ-ఆర్ తయారీ ఆగిపోయింది కనుక ముందు ముందు బంగారమవుతుందని మా తమ్ముడు అంటున్నాడు. ఏది కొన్నా ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు మించి తిప్పకుండా, ధర పడిపోకుండా కాపాడుకోవాలని నా ఆలోచన. నలుగురం కలిసి మేడారం పోవచ్చా అని మా ఇంటావిడ అడగమన్నది. బండిని మిల్లు పేరు మీద కొనమని మా ఆడిటరు సలహా.

జవాబు: ముందే చెప్పేస్తాను. మీరు చూసిన మూడింటిలో పోర్షే కొనడం మేలు, అయితే వాళ్లు అడిగిన ధరకు కొనవద్దు, పూర్తి తనిఖీ చేయించకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. తనిఖీలో అది నిలబడకపోతే చేతితో గేర్లు మార్చే ఎం2 తీసుకోండి. జీటీ-ఆర్ గొప్ప బండి, కాని అది మీ ఊరికి, మీ అయిదేళ్ల గడువుకు సరిపడే బండి కాదు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లే తిప్పాలన్న మీ ఆలోచన మాత్రం ఈ మూడింటిలో ఏది కొన్నా ఆనందాన్నీ, ధరనూ రెండింటినీ తినేస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

నడిపే ఆనందం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది గుర్రపు శక్తి అంకెలతో మొదలుపెడతారు. జీటీ-ఆర్‌కు 570, ఎం2కు 480, కరేరా ఎస్‌కు 450 హార్స్‌పవర్. ఈ వరసనే ఆనందపు వరస అనుకుంటే జీటీ-ఆర్ మొదట నిలవాలి. కాని మీరు ఈ బండిని ఎక్కడ నడుపుతారు? హన్మకొండ నుంచి హైదరాబాదుకు 163వ నంబరు జాతీయ రహదారి ఉన్నది. మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారుల మీద కార్లకు కేంద్రం 2018లో విధించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 120. ఈ మూడు బండ్లలో ఏదైనా రెండో గేరులోనే ఆ వంద దగ్గరకు చేరుతుంది. అంటే మిగిలిన శక్తి చాలావరకు మీరు డబ్బు పెట్టి కొని, చట్టం ప్రకారం వాడుకోలేనిది. అందుచేత మీరు వేయవలసిన ప్రశ్న ఇది: యాభైకీ తొంభైకీ మధ్య వేగంలో ఏ బండి మనిషిని పలకరిస్తుంది?

అదే జాతీయ రహదారి మీద తూర్పుకు తిరిగి, గూడెప్పాడు దాటి ములుగు మీదుగా పస్రా, తాడ్వాయి వైపు పొద్దున ఆరు గంటలకు వెళ్లి చూడండి. ములుగు దాటిన తరువాత అడవి దగ్గరవుతుంది, మలుపులు మొదలవుతాయి. ఏటూరునాగారం అభయారణ్యం గనుక పశువులకూ, అడవి జంతువులకూ వేగం తగ్గించుకోవలసిందే. అయినా అరవై డెబ్బై వేగంలో ఆ మలుపుల్లో స్టీరింగు చేతికి ఏమి చెబుతున్నది, బ్రేకు మీద కాలు పెట్టగానే బండి ముందు భాగం ఎంత వంగుతున్నది, మలుపు సగంలో యాక్సిలరేటరు తొక్కితే వెనుక చక్రాలు ఎలా పట్టుకుంటున్నవి అనే సంగతులు స్పష్టంగా తెలుస్తాయి. స్పోర్ట్స్ కారు ఆనందం ప్రధానంగా అక్కడే ఉన్నది. వడ్ల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుందని మిల్లు నడిపే మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రెండు మూడు నెలలు ఊళ్ల దారుల ఆశ వదులుకోవలసిందే.

ఈ దృష్టితో చూస్తే 911 ప్రత్యేకత అర్థమవుతుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అన్న పేరుతో మొదటిసారి కనిపించి, నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పడంతో 911గా మారిన ఈ బండికి అప్పటి నుంచి ఇప్పటి వరకు ఇంజిను వెనుక ఇరుసుకు కూడా వెనుకనే ఉన్నది. చదువుకున్న ఇంజినీరు ఎవరూ కావాలని అక్కడ పెట్టరు. కాని అరవై ఏళ్లుగా దాన్నే దిద్దుకుంటూ వచ్చినందువల్ల ఒక గుణం నిలిచిపోయింది. వెనుక చక్రాల మీద బరువు ఉండటం వల్ల మలుపు నుంచి బయటకు వచ్చేటప్పుడు పట్టు అద్భుతంగా ఉంటుంది. ముందు భాగం తేలిక కనుక మలుపులోకి వెళ్లేముందు బ్రేకుతో కొంత బరువును ముందుకు తెచ్చి, ఆ తరువాత స్టీరింగు తిప్పాలి. ఈ క్రమాన్ని పాటించిన ప్రతిసారీ బండి మెచ్చుకున్నట్టు తిరుగుతుంది, పాటించకపోతే ముందు చక్రాలు కొంచెం బయటకు జారి మెల్లగా మందలిస్తుంది. ఇది డెబ్బై వేగంలోనూ తెలుస్తుంది. మీరు చూసిన బండి 992 అనే తరానికి చెందినది. మూడు లీటర్ల, రెండు టర్బోల, ఆరు సిలిండర్ల ఇంజిను. ఒక్కో వైపు మూడు సిలిండర్లు అడ్డంగా పడుకొని ఉంటాయి. బరువు దాదాపు 1,515 కిలోలు. జీటీ-ఆర్ 1,750 కిలోల దరిదాపులో, ఎం2 1,700 పైన ఉన్నవి. రెండు వందల కిలోల తేడా అంటే వెనుక సీట్లలో ముగ్గురు పెద్దవాళ్లు ఎప్పుడూ కూర్చునే ఉన్నట్టు. మలుపుల్లో ఈ బరువు తేడా శక్తి తేడా కంటే ఎక్కువగా పనిచేస్తుంది.

911లో లోటు లేదని అనను. స్టీరింగు విద్యుత్తుతో పనిచేసేది. ఇంకా పాత తరాల్లో ఉన్న హైడ్రాలిక్ స్టీరింగు చేతికి ఇచ్చిన కబురు ఇది పూర్తిగా ఇవ్వదు. పీడీకే అనే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టె మనిషి కంటే తెలివిగా గేర్లు మారుస్తుంది గనుక, మీకు చేయడానికి పని తక్కువగా మిగులుతుంది.

ఎం2లో మీకు పని మిగులుతుంది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉన్న మూడు లీటర్ల ఇంజిను, వెనుక చక్రాల నడక, చేతితో మార్చే ఆరు గేర్ల పెట్టె. ఈ కలయిక ఇప్పుడు కొత్త బండిలో దొరకడమే అరుదు. 2023 మేలో మన దేశంలో 98 లక్షల షోరూం ధరతో వచ్చినప్పటి నుంచి ఇక్కడ చేతి గేర్లతోనూ అమ్ముతున్నారు. బరువు ఎక్కువే, స్టీరింగు కొంత మూగదే. కాని క్లచ్ తొక్కి, మూడు నుంచి రెండుకు గేరు దించి, ఇంజిను గొంతు పెరగడం వింటూ మలుపులోకి వెళ్లే పని మొత్తం మీ చేతుల్లో ఉంటుంది. 550 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, వెనుక చక్రాలకే వెళ్తుంది కనుక వానాకాలంలో తడిసిన మన తారు రోడ్డు మీద ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. చక్రాల జారుడును పది మెట్లలో నియంత్రించే ఏర్పాటు అందులో ఉన్నది. మొదటి ఏడాది దాన్ని ముట్టుకోకండి.

జీటీ-ఆర్ విషయం వేరు. 2007 డిసెంబరులో జపానులో వచ్చినప్పుడు 480 హార్స్‌పవర్‌తో, తన కంటే ఎంతో ఖరీదైన బండ్లను వెనుకకు నెట్టిన యంత్రం అది. ఇంజినును ఒక్కొక్క నిపుణుడు చేతితో కూర్చి, తన పేరున్న పలకను దాని మీద బిగిస్తాడు. గేరు పెట్టెను బరువు సమానం కావడానికి వెనుక ఇరుసు దగ్గర పెట్టారు, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. కాని ఆ యంత్రం మెదడు మేల్కొనేది మామూలు మనిషి రోడ్డు మీద అందుకోకూడని వేగంలో. అరవైలో అది బరువైన, గట్టి సస్పెన్షన్ ఉన్న, వెనుక నుంచి గేర్ల మోత వినిపించే బండి. రేసు ట్రాక్ పక్కనే ఉన్నవాడికి అది వరం. మీకు దగ్గరలో ఉన్న అసలైన ట్రాక్ చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు వైపు ఉన్నది, అంటే ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. హుస్సేన్‌సాగర్ గట్టున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ పందెం జరిగిన దారి ఉన్నది కదా అంటారేమో. ఆ అడ్డుగోడలు తీసేసిన తరువాత అది మళ్లీ ఆటోల దారే.

ఇక అమ్మకం సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే మీ లెక్కలో పెద్ద అంకె ఒకటి కనిపించలేదు. కోటీ యాభై అయిదు లక్షలను ఏడు శాతం వడ్డీ వచ్చే చోట ఉంచితే ఏడాదికి పది లక్షల ఎనభై అయిదు వేలు, అయిదేళ్లకు బారువడ్డీ చొప్పున యాభై నాలుగు లక్షల పైన. బండి ధర ఒక్క రూపాయి తగ్గకుండా అమ్ముడుపోయినా ఈ సొమ్ము పోయినట్టే. మిల్లులో ఆ పైసలు వడ్ల కొనుగోలుకు తిరిగితే ఇంకెంత వచ్చేదో మీకే తెలుసు. అందుకని మారుబేరంలో ఏ బండి నాలుగు లక్షలు ఎక్కువ పలుకుతుంది అన్న తర్కం కంటే, ఈ ఖర్చుకు తగినంతగా బండిని నడుపుతారా అన్నది ముందు తేల్చుకోవలసిన సంగతి.

అయినా రెండవ చేతి ధర ఏ సూత్రం మీద నిలుస్తుందో చెప్పకుండా ఊరుకోను. మన దేశంలో ఇటువంటి బండి పాత ధరకు పైకప్పు కొత్త బండి ధర. ఆ కొత్త ధరలో పెద్ద భాగం పన్నులూ సుంకాలే. 992 కరేరా ఎస్ 2019 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చినప్పుడు షోరూం ధర కోటీ ఎనభై రెండు లక్షలు. 2024లో దిద్దిన కొత్త రూపం వచ్చినప్పుడు, ఎస్ కంటే కింది మెట్టు అయిన మామూలు కరేరా ధరే కోటీ తొంభై తొమ్మిది లక్షలు. కొత్తది అలా పైకి పోయింది కనుకనే పాత ఎస్ ధర నిలబడింది. పోర్షే ముద్రకు ఏదో మహిమ ఉండి కాదు. ఇదే సూత్రం తిరగబడితే ధర దిగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి ఉన్న 48 శాతం భారం 40 శాతానికి తగ్గింది. లెక్క వేస్తే కొత్త బండి ధరలో అయిదు శాతానికి మించిన తగ్గుదల అది. మీకు పోర్షే చూపించినవారు కోటీ యాభై అయిదు అన్న ధరను ఈ మార్పుకు ముందు మనసులో పెట్టుకున్నారో, తరువాత పెట్టుకున్నారో అడగండి. బేరం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ముందు రాగల మార్పు ఇంకొకటి ఉన్నది. 2025 జూలై 24న బ్రిటనుతో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో, పరిమిత సంఖ్యలో కార్లకు దిగుమతి సుంకాన్ని వంద శాతం పైనుంచి విడతలవారీగా పది శాతానికి తెచ్చే మాట ఉన్నది. మీరు చూసిన మూడింటిలో ఏదీ బ్రిటను బండి కాదు గాని, యూరపుతో అటువంటి ఏర్పాటు అమలుకు వస్తే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తయారయ్యే 911 కొత్త ధర దిగవచ్చు, దానితోపాటు మీ చేతిలోని పాతదాని ధరా దిగవచ్చు. ఎం2 సంగతి ఇక్కడ తమాషాగా ఉంటుంది: అది జర్మను ముద్రతో వచ్చినా తయారయ్యేది మెక్సికోలో. అందుకే అయిదేళ్ల తరువాత పోర్షే ధర ఇంత ఉంటుందని ఎవరైనా రాసిచ్చినట్టు చెబితే నమ్మకండి.

మీ తమ్ముడి బంగారపు మాటకు వస్తాను. జీటీ-ఆర్ తయారీ 2025 ఆగస్టులో ఆగిపోయిన మాట నిజం. పద్దెనిమిదేళ్లలో ప్రపంచమంతటికీ నలభై ఎనిమిది వేల దాకా తయారయ్యాయి. అంతకు ముందటి ఆర్34 తరానికి అమెరికాలో విపరీతమైన ధర పలికిందనేది కూడా నిజమే. ఇరవై అయిదేళ్లు నిండిన పరాయి బండ్లను దించుకోనిచ్చే అక్కడి నిబంధన దానికి తోడ్పడింది. కాని పాత వస్తువు బంగారం కావాలంటే దాన్ని సేకరించేవాళ్లూ, బాగు చేసే చేతులూ, విడిభాగాలూ అదే గడ్డ మీద ఉండాలి. 2016 డిసెంబరులో కోటీ తొంభై తొమ్మిది లక్షలకు ఇక్కడ విడుదలైనప్పుడు ఆ బండి కోసం ప్రత్యేక సర్వీసు కేంద్రం నోయిడాలో పెట్టారు. హన్మకొండ నుంచి నోయిడా ఎంత దూరమో ఆలోచించండి. దాని గేరు పెట్టెలో వచ్చే సమస్యను మామూలు మెకానిక్ ముట్టుకోలేడు. ఆ బండి కొనాలనుకునేవాళ్లు దేశం మొత్తంలో కొద్దిమందే ఉంటారు, వాళ్లు ఢిల్లీలోనో ముంబయిలోనో బెంగళూరులోనో ఉంటారు. కొనేవాడు దొరికిన రోజు మంచి ధరే రావచ్చు, కాని ఆ రోజు మీ చేతిలో ఉండదు. అయిదేళ్ల గడువు పెట్టుకున్న మనిషికి ఇదే పెద్ద ఇబ్బంది. పైగా ఢిల్లీ రిజిస్ట్రేషన్‌ను ఇక్కడికి మార్చాలంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకొని, బండి వయసును బట్టి తెలంగాణ జీవితకాల పన్ను కట్టాలి. ఢిల్లీలో మిగిలిన పన్ను వాపసు కోసం వేరుగా తిరగాలి. ఇరవై లక్షలు దాటిన కొత్త కార్లకు ఇక్కడ 2022 మే సవరణ నాటికే 18 శాతం ఉండేది, ఆ తరువాత ఇంకా పెరిగింది. కోటీ ఇరవై అన్న ధర ఆకర్షణ ఈ ఖర్చులతో చాలావరకు కరిగిపోతుంది.

కొత్త ఎం2కు కూడా ఆ జీవితకాల పన్ను తప్పదు. 18 శాతం చొప్పునే లెక్కించినా పద్దెనిమిది లక్షల పైన. రెండవసారి కొనేవాడు మీరు కట్టిన పన్నుకు పూర్తి విలువ ఇవ్వడు. కొత్త బండికి మొదటి మూడేళ్లలోనే పెద్ద పతనం ఉంటుంది, దాన్ని మీరే మోయాలి. హైదరాబాదు పోర్షేకు ఆ పన్నును మొదటి యజమాని కట్టేశాడు, మొదటి పతనాన్ని కూడా అతడే మోశాడు. మీ ప్రశ్నలోని రెండవ సగానికి నేను పోర్షే వైపు మొగ్గడానికి ఇదే ముఖ్య కారణం. ఎం2కు మాత్రం ఒక ఆశ ఉన్నది: చేతి గేర్లున్నవి సంఖ్యలో తక్కువ, ముందు ముందు ఇంకా తక్కువ. కొనేటట్లయితే ఆటోమేటిక్ తీసుకోకండి. ఆటోమేటిక్ ఎం2 అయిదేళ్ల తరువాత అనేక వేగవంతమైన బండ్లలో ఒకటిగా మిగులుతుంది. అందంగా ఉన్న నంబరు కోసం వేలంలో పెట్టే డబ్బు మారుబేరంలో తిరిగి రాదు, అదొక్కటి గుర్తుంచుకోండి.

మిల్లు పేరు మీద కొనమన్న ఆడిటరు గారి సలహాలో లాభమున్నది గాని, అమ్మేరోజు సంగతి కూడా వారినే అడగండి. ఆదాయపు పన్నులో తరుగుదల చూపించుకుంటే, జీఎస్టీ నమోదు ఉన్న సంస్థ ఆ కారును అమ్మినప్పుడు, అమ్మిన ధరకూ పుస్తకాల్లో మిగిలిన తరిగిన విలువకూ ఉన్న తేడా మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. 2025 ఆరంభం నుంచి అన్ని రకాల పాత కార్లకూ ఇదే రేటు. ఏటా పదిహేను శాతం చొప్పున పుస్తకాల్లో తరిగిపోయిన బండి బయట మంచి ధర పలికిందనుకోండి, తేడా పెద్దదవుతుంది, పన్నూ పెద్దదవుతుంది. అంటే బాగా ధర నిలిచే బండిని సంస్థ పేరు మీద కొంటే, ఆ నిలిచిన ధరలో ఒక భాగం పన్నుకు పోతుంది. మీ సొంత పేరు మీద కొంటే ఈ బాధ లేదు, తరుగుదల లాభమూ లేదు. రెండు దారులనూ అయిదేళ్లకు లెక్క గట్టించండి.

బీమా విషయం రెండు మాటల్లో: బండికి అయిదేళ్లు దాటిన తరువాత బీమా విలువను కంపెనీ, మీరు కలిసి ఒప్పుకోవలసి ఉంటుంది. అంతకు ముందు అచ్చు పట్టిక ప్రకారం నాలుగు నుంచి అయిదేళ్ల బండికి యాభై శాతం కోత పడుతుంది. 2020 పోర్షేను తక్కువ ప్రీమియం కోసం తక్కువ విలువకు బీమా చేయిస్తే, పూర్తిగా పోయిన రోజు చేతికి వచ్చేది ఆ తక్కువ విలువే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది అది.

ఇప్పుడు మీ రెండు వేల కిలోమీటర్ల ఆలోచన. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్లు అన్నారు. గుడ్డ కప్పి నిలిపిన స్పోర్ట్స్ కారుకూ అంతే. ఇంజిను ఆయిలూ, బ్రేకు ద్రవమూ తిరిగినా తిరగకపోయినా కాలం ప్రకారం మార్చాలి. టైరు రబ్బరు నిలిచి ఉన్నా గట్టిపడుతుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర అది ఏ ఏడాది ఏ వారంలో తయారైందో చెప్పేస్తుంది గనుక కొనేవాడికి దాచలేరు. బ్యాటరీ పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మిల్లు గోదాములో గాని ఇంటి వెనుక షెడ్డులో గాని కదలకుండా ఉన్న బండి వైర్లంటే ఎలుకలకు ఎంత ఇష్టమో నేను స్వయంగా చూశాను. కరీంనగరులో నా స్నేహితుడొకరు, ధర కోసమే, ఒక జర్మను బండిని ఏడాదిన్నర కదల్చకుండా ఉంచాడు. తీసినప్పుడు వైర్ల కట్ట మార్చడానికి అయిన ఖర్చు, ఆ ఏడాదిన్నర నడిపి ఉంటే పడే ధర కంటే ఎక్కువైంది. మంచి కొనుగోలుదారుడు తక్కువ కిలోమీటర్లను చూసి ముచ్చటపడడు. ప్రతి ఏడాదీ తప్పకుండా జరిగిన సర్వీసుల కాగితాలూ, నడిచిన కిలోమీటర్లకూ సర్వీసులకూ మధ్య పొంతన ఉండటమూ చూసి ధర పెడతాడు. ఏడాదికి అయిదారు వేల కిలోమీటర్లు నడపండి. నెలకు ఒకసారి తాడ్వాయి దాకా, ఒకసారి హైదరాబాదు దాకా వెళ్లి వస్తే ఆ లెక్క దానంతటదే తేలుతుంది.

పోర్షే కొనేముందు చూడవలసినవి. కంపెనీ కేంద్రంలోనే తనిఖీ చేయించండి. తాము ధ్రువీకరించి అమ్మే పాత బండ్లను ఆ సంస్థ 111 అంశాల మీద పరీక్షిస్తుంది, అంత పరీక్ష మీ ఖర్చుతో చేయిస్తారేమో అడగండి. ఇంజిను కంప్యూటరులో ఓవర్-రెవ్ లెక్కలుంటాయి. ఇంజినును ఏ మోతాదు వరకు, ఎన్నిసార్లు తిప్పారో అది దాచుకోకుండా చెబుతుంది, దాని ప్రతి తీసుకోండి. మీరు చూసినది 2020 నాటి హైదరాబాదు బండి. ఆ ఏడాది అక్టోబరులో హైదరాబాదు ఎలా మునిగిందో తెలియని వారు లేరు. ఆ అక్టోబరు తరువాత నాలుగైదు నెలల సర్వీసు రికార్డును విడిగా అడిగి చూడండి. తివాచీ కింద, సీట్ల పట్టాల బోల్టుల మీద తుప్పు ఉన్నదేమో చూపించమనండి. మన వరంగల్, హన్మకొండ కాలనీలు 2023 జూలైలో పడిన అవస్థ మీకు గుర్తుండే ఉంటుంది గనుక, బండి నిలిపే చోటు ఎత్తులో ఉండేటట్టు కూడా చూసుకోండి.

ముందు భాగాన్ని దాదాపు నలభై మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటు ఆ బండికి ఉన్నదో లేదో తప్పక చూడండి. 911లో ఇది అదనపు ధరకు వచ్చేది, అన్నిటికీ ఉండదు. మన ఊళ్ల ముందు ఎవరికి వారు పోసుకున్న స్పీడు బ్రేకర్ల మీద అది లేకపోతే మీ ప్రతి ప్రయాణమూ భయంతో గడుస్తుంది, రేపు కొనేవాడు కూడా మొదట అడిగేది అదే. నా మటుకు నేను ఆ ఏర్పాటు లేని 911ను తెలంగాణ పల్లె దారుల కోసం కొనను. వెనుక టైర్లు 305/30 ఆర్21 అనే కొలతవి. తాడ్వాయి దగ్గర పగిలితే వరంగల్ దుకాణంలో అప్పటికప్పుడు దొరుకుతుందని అనుకోవద్దు. అదనపు చక్రం కూడా బండిలో ఉండదు. పెట్రోలు మూత లోపల అంటించిన చీటీలో ఇథనాలు ఎంత వరకు పడుతుందని రాసి ఉన్నదో చదవండి. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు ఇరవై శాతం ఇథనాలు కలిసినది. హైదరాబాదు వెళ్లినప్పుడు వంద ఆక్టేను పెట్రోలు నింపుకోవడం మంచి అలవాటు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ధర కోటీ నలభై దగ్గరకు దిగితే కొనండి. ముందు భాగం లేపే ఏర్పాటు లేకపోయినా, అక్టోబరు రికార్డు చూపించకపోయినా, ఓవర్-రెవ్ లెక్కలు ఇవ్వడానికి నసిగినా మాట్లాడకుండా లేచి రండి. చేతి గేర్ల ఎం2 కోసం అర్జీ పెట్టుకోండి.

మీ శ్రీమతి గారి ప్రశ్నకు జవాబు: 911 వెనుక సీట్లు చిన్న పిల్లలకు తప్ప పనికిరావు, ఎం2లో నలుగురు పెద్దవాళ్లు ఇరుకుగా కూర్చోగలరు. కాని మాఘమాసపు మేడారం దారిలో వందల బస్సుల మధ్య, ఆ ఎర్ర దుమ్ములో, ఈ మూడింటిలో దేన్నీ తీసుకుపోకండి. ఇంట్లో ఇంకో బండి ఉండే ఉంటుంది, అమ్మవార్ల దగ్గరకు దానిలోనే వెళ్లి రండి.